చుక్క కారని గీజర్లు

కందిపప్పు సంగతి

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, ముందుగా ఏం నేర్చుకోవాలండీ అని అడుగుతుంటారు. మీటరు పట్టి కరెంటు చూడటం గురించో, వైరింగు గురించో చెబుతానని వాళ్ల ఆశ. ముందు కందిపప్పు గురించి అడగటం నేర్చుకోండి అంటాను. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. పెద్దాయనకి మతి తప్పిందనుకుంటారేమో, అనుకోనీ.

విజయవాడలో ఒక కంపెనీ సర్వీసు సెంటరు తరఫున గీజర్లు, వాషింగ్ మెషీన్లు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేస్తూ పాతికేళ్లు తిరిగాను. తొంభైల మొదట్లో చేరి, మోకాళ్లు మెట్లెక్కనివ్వని రోజున మానేశాను. ఏ ఇంట్లోకి వెళ్లినా నా మొదటి ప్రశ్న ఒక్కటే: "అమ్మా, మీ కుళాయి నీళ్లతో కందిపప్పు ఉడుకుతుందా?" ఉడుకుతుందంటే అవి కృష్ణ నీళ్లు. ఉడకదండీ, వంటకి పొద్దున్నే మునిసిపాలిటీ పంపు దగ్గర పట్టుకుంటాం అన్నారంటే, ఆ ఇంట్లో మిగతా కుళాయిలన్నిట్లోనూ వచ్చేది బోరు నీళ్లు. అంతే, గీజరు మూత విప్పకముందే లోపల ఏముందో నాకు తెలిసిపోయేది.

ఏటి ఒడ్డున కూర్చుని నీళ్ల బాధలేమిటి అని బయటి ఊళ్లవాళ్లు నవ్వుతారు. వాళ్లకేం తెలుసు. నేను చేరేనాటికి పటమట, మొగల్రాజపురం వైపు ఒక్కో డాబా పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. ఏటి నీళ్లు పూటకో గంట వచ్చేవి, అదీ కింది పంపుదాకానే. పై అంతస్తులకు ఎక్కేదంతా సున్నం నిండిన బోరు నీళ్లే. వాటిలో సబ్బు రుద్దితే నురగ రాదు, తలంటుకుంటే జుట్టు పీచులా అవుతుంది, స్టీలు గ్లాసు తోమి బోర్లిస్తే ఆరేసరికి తెల్లటి చారలు కడుతుంది. గ్లాసుకే అంత పడితే, రోజూ నీళ్లు కాచే గీజరు లోపల ఎంత పేరుకోవాలి. రెండేళ్లు వాడిన గీజరులోంచి నీళ్లు కాచే కాయిల్ బయటికి లాగితే, చిటికెన వేలంత ఉండాల్సింది మొక్కజొన్న పొత్తంత లావున వచ్చేది. ట్యాంకు అడుగున తెల్ల పెచ్చులు దోసిళ్లతో ఎత్తేవాణ్ని.

ఇళ్లవాళ్లు మాత్రం వస్తువునే తిట్టేవారు. వస్తువు తర్వాత మమ్మల్ని తిట్టేవారు. నీళ్లను తిట్టినవాళ్లను నేను చూడలేదు.

మంగళగిరి చీరల మీద మచ్చలు

అసలు కథలోకి వెళ్లేముందు ఒక చిన్న సంగతి చెప్పాలి. అది నాకు ముందే బుద్ధి చెప్పాల్సింది, చెప్పలేదు.

మంగళగిరిలో ఒక చీరల వ్యాపారి ఆవిరి ఇస్త్రీ పెట్టె కొన్నారు. ముదురు రంగు చీరల మీద తెల్ల మచ్చలు పడుతున్నాయని కబురు చేశారు. వెళ్లాను. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాను, బాగానే ఉంది. నాకు బస్సు టైమైపోతోంది. నేతలో గంజి ఎక్కువైనట్టుందండీ అనేసి వచ్చేశాను. పప్పు ప్రశ్న అడగనేలేదు.

వారం తిరక్కుండా మళ్లీ పిలిచారు. ఈసారి తీరిగ్గా చూస్తే, పెట్టెలో పోస్తున్నది పెరట్లో బోరు నీళ్లు. ఆవిరి రంధ్రాల్లోంచి సున్నం పొట్టు ఎగిరి చీరల మీద పడుతోంది. బ్యాటరీల్లో పోసే నీళ్లు కొనుక్కొచ్చి పోయమన్నాను, మచ్చలు ఆగిపోయాయి. వ్యాపారి సంతోషించారు. మాటల్లో తేలిందేమిటంటే, నేను గంజి మాట అన్న మర్నాడే ఆయన తనకు చీరలు నేసే మనిషిని పిలిచి నలుగురిలో కడిగేశారట. ఆ నేతగాడు ఇక ఆయనకు నేయనని వెళ్లిపోయాడట.

ఆ మనిషి ఇల్లు నాలుగు వీధుల అవతలే. వెళ్లి, తప్పు నాదయ్యా, నీ గంజిది కాదు అని చెప్పాల్సింది. వ్యాపారి చెబుతారులే అనుకుని బస్సెక్కేశాను.

గోపాలం గారి లెక్క

మా సెంటరు ఇన్‌ఛార్జి గోపాలం గారు. నల్లటి మనిషి, సన్నటి గొంతు, ఎప్పుడూ చేతిలో ఎర్ర పెన్ను. ఆయన్ని మేం వెనకాల చాలానే అనుకునేవాళ్లం కానీ, చెడ్డవాడు కాదు. పైనుంచి హెడ్డాఫీసు ఆయన మెడ మీద కూర్చుంది. వాళ్లకు కావాల్సింది ఒక్కటే, ఒకే ఇంటి నుంచి ఒకే ఫిర్యాదు రెండోసారి రాకూడదు. వస్తే దాన్ని 'రిపీట్' అనేవారు. రిపీట్ ఉన్న సర్వీసు చీటీ మీద ఎర్ర గీత పడేది. శనివారం సాయంత్రం మమ్మల్నందర్నీ నిలబెట్టి ఎర్ర గీతలు చదివేవారు.

నా పేరు ఎక్కువసార్లు చదివించింది సేఫ్టీ వాల్వు. గీజరు మీద బొటనవేలంత ఇత్తడి ముక్క అది. లోపల వేడి మితిమీరి ఒత్తిడి పెరిగితే, అది తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలేస్తుంది. గీజరు ప్రాణానికీ, ఇంటివాళ్ల ప్రాణానికీ అదే కాపలా. మన బోరు నీళ్ల సున్నం వెళ్లి దాని మూతిలో చేరుతుంది. మూత సరిగా మూసుకోదు. ఇక చుక్క, చుక్క, చుక్క, పగలూ రాత్రీ కారుతూనే ఉంటుంది. బాత్రూమ్ గోడ పాచి పట్టిపోతుంది. కొత్త వాల్వు వేస్తే మూడు నెలలు బాగుంటుంది, నాలుగో నెలలో మళ్లీ చుక్క. మళ్లీ ఫోను, మళ్లీ ఎర్ర గీత.

దీనికో మందు మా పనివాళ్లలో ఉండేది. ఎవరు కనిపెట్టారో తెలియదు. వాల్వు విప్పేసి, ఆ రంధ్రంలో ఒక ఇత్తడి డమ్మీ బిగించేయడం. డమ్మీ అంటే పైపు చివర మూసే బిరడా, అంతే. టేపు చుట్టి, రెంచితో రెండు తిప్పులు తిప్పితే ఇక జన్మలో చుక్క కారదు. ఇంటావిడ సంతోషం, గోపాలం గారు సంతోషం, నేనూ సంతోషం. చీటీ మీద 'లీక్ అరెస్టెడ్', అంటే కారడం ఆపాం అని రాసి సంతకం పెట్టించుకునేవాణ్ని.

ప్రమాదం కాదా అని మీరు అడుగుతారు. తెలుసు. వేడెక్కగానే కరెంటు ఆపేయడానికి థర్మోస్టాట్ ఉంది కదా, వాల్వు అదనపు జాగ్రత్తే కదా అని సమాధానం చెప్పుకునేవాణ్ని. ఆ థర్మోస్టాట్ గొట్టానికి కూడా అదే సున్నం పడుతుందని, సున్నం దుప్పటి కప్పుకున్నవాడికి వేడి తెలియదని నాకు తెలియదా? రోజూ నా చేత్తో గీకేది ఆ సున్నమే. తెలిసీ చేశాను. మా ఊళ్లో ఈ తప్పు చేయని మెకానిక్ ఆ రోజుల్లో నాకు కనపడలేదు, కానీ ఇక్కడ చెబుతున్నది నా సంగతి.

పటమటలో ఆ పొద్దున

పటమటలో కోటేశ్వరరావు మాస్టారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య అనసూయమ్మ గారు. వాళ్లింటి గీజరుకు నేను డమ్మీ బిగించి ఏడాది దాటింది. ఒకరోజు పొద్దున్నే సెంటరుకు ఫోనొచ్చింది, గీజరు పేలిపోయిందని. నన్నే పంపారు.

బాత్రూమ్ తలుపు ఊడి నడవాలో పడి ఉంది. పైన అటక పగిలి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. గోడ పలకలన్నీ రాలిపోయాయి. బకెట్లో నానబెట్టిన బట్టల మీద పెచ్చులు, గాజు పెంకులు. గీజరు ట్యాంకు రేకు డబ్బాలా విచ్చుకుని ఓ మూల పడి ఉంది.

అనసూయమ్మ గారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. బట్టలు ఉతకడానికి బాత్రూమ్‌లోకి వెళ్లబోతూ, పప్పు ఉడికిందేమో చూసి వెళ్దామని వంటింట్లోకి వచ్చారట. రెండు రోజులుగా మునిసిపాలిటీ నీళ్లు రాక, ఆ రోజు బోరు నీళ్లతోనే పప్పు పెట్టారు. ఉడకలేదు. ఇంకాస్త మంట పెంచి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఆ కాసేపట్లోనే పేలింది. ఉడకని పప్పు ఆవిణ్ని కాపాడింది.

మాస్టారు నడవాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. భయం దిగుతున్న కొద్దీ ఆయనకు కోపం ఎక్కుతోంది. పొద్దున నా స్నానం అయ్యాక స్విచ్ కట్టేయమని చెప్పాను, కట్టలేదు, ఈవిడకి ఎప్పుడూ ధ్యాస ఉండదు అని నాకు చెబుతున్నట్టుగా ఆవిడకు చెబుతున్నారు. అనసూయమ్మ గారు మొదట కట్టేశాననే అన్నారు. రెండోసారి అడిగేసరికి, "కట్టేశాననే అనుకుంటున్నానండీ" అన్నారు. మూడోసారికి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు.

నేను ట్యాంకు దగ్గర గొంతుక్కూచున్నాను. ట్యాంకు అంతా చీలిపోయినా, నా డమ్మీ మాత్రం వేసినచోటే, వేసినట్టే ఉంది. టేపు కూడా చెదరలేదు. అంత గట్టిగా బిగించాను. మాస్టారు అటు తిరిగినప్పుడు దాన్ని రెంచితో విప్పి ప్యాంటు జేబులో వేసుకున్నాను.

మర్నాడు కంపెనీ ఇంజనీరు వచ్చి చూసి, థర్మోస్టాట్ అంటుకుపోయింది, స్విచ్ చాలాసేపు వేసి ఉంచారు అని రాసుకుని వెళ్లిపోయాడు. వాల్వు ఏదని అడిగితే, పేలుడులో ఎటో ఎగిరిపోయుంటుందన్నాను. మాస్టారు భార్య వైపు తిరిగి, "విన్నావా, ఇంజనీరు గారు కూడా అదే అంటున్నారు" అన్నారు. ఆవిడ తల ఊపారు. ఆ తల ఊపడం నేను చూశాను. నా జేబులో డమ్మీ తొడకు గుచ్చుకుంటోంది. పనిముట్ల పెట్టె సర్దుకుని వచ్చేశాను.

ఆదివారాలు

ఆ తర్వాత నాకు అన్నం సయించలేదు. ఎవరింట్లోనో ఎవరో బాత్రూమ్‌లోకి వెళ్తున్నట్టు, నేను అరుస్తున్నట్టు, వాళ్లకు వినపడనట్టు అనిపించేది. మా ఆవిడ నాలుగు రోజులు చూసి, ఏమైందని నిలదీసింది. చెప్పాను. "పేలింది ఒక్కటే కదా. మిగతావి ఎక్కడెక్కడున్నాయో నీకు తెలియదా?" అంది. అంతవరకు నేను నా తప్పు గురించే ఏడుస్తున్నాను. మిగతా ఇళ్ల గురించి ముందు ఆలోచించింది తనే.

ఎక్కడెక్కడున్నాయో నాకు తెలియదు. పాత చీటీల్లో ఉంది. చీటీలు గోపాలం గారి బీరువాలో ఉన్నాయి. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ఎర్ర పెన్ను మూత పెట్టి, తలుపు దగ్గరగా వేసి, మనం చేసినట్టు ఎక్కడైనా రాసుందా అన్నారు. లేదన్నాను. మరి నువ్వే ఎందుకు రాసిపెడతావయ్యా, ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది అన్నారు. ఆయనకు ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు, ఆ భయం నాకు అర్థమైంది. సరేనండీ అని లేచి వచ్చేశాను.

సాయంత్రం నేను వెళ్లేటప్పుడు ఆయన నా వైపు చూడకుండా బీరువా తాళం బల్ల మీద పెట్టి, కాఫీ తాగొస్తానని వెళ్లిపోయారు. గంటసేపు రాలేదు. ఆయన గురించి ఎవరేమన్నా, నేను ఆ గంటసేపు సంగతి చెబుతాను.

నా చేతిరాతతో 'లీక్ అరెస్టెడ్' అని ఉన్న చీటీలన్నీ వెతికి ఇళ్ల పేర్లు రాసుకున్నాను. నలభైకి పైనే తేలాయి. ఆదివారం ఆదివారం స్కూటరు మీద బయల్దేరేవాణ్ని. కొత్త వాల్వులు కొనుక్కుని వెళ్లి డమ్మీలు తీసేసేవాణ్ని. నిజం చెప్పే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు. కంపెనీ తరఫున ఉచితంగా చెక్ చేస్తున్నామండీ అని అబద్ధం చెప్పేవాణ్ని.

మీరు నమ్మరు, మంచి చేయబోతే ఇంతగా తిట్లు తింటారని నాకూ తెలియదు. వాల్వు మార్చిన మూడు నాలుగు నెలలకు మళ్లీ చుక్కలు మొదలయ్యాయి. బాగున్న గీజరును వచ్చి చెడగొట్టిపోయావేంటయ్యా అని మొగల్రాజపురంలో ఒకావిడ నన్ను మెట్ల మీదే ఉతికి ఆరేసింది. ఇంకొకాయన మళ్లీ లోపలికి రానివ్వలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఆ చుక్క కారడం మంచిదే, ఆరు నెలలకోసారి పిలవండి, సున్నం గీకి పెడతాను అని చెప్పాల్సి వచ్చేది. నా పేరు మీద రిపీట్‌లు కుప్పలు పడ్డాయి. శనివారం నాడు గోపాలం గారు నా ఎర్ర గీతలు మాత్రం గబగబా చదివేసేవారు.

ఏడాది గడిచేసరికి ఒక్క ఇల్లు మిగిలింది.

చల్లపల్లి

ఆ చీటీలో పేరు రాజ్యలక్ష్మి గారిది. మొగల్రాజపురంలో అద్దెకుండేవారు. వెళ్తే ఇంటి యజమాని, వాళ్లు ఖాళీ చేసి చల్లపల్లి వెళ్లిపోయారు, గీజరు కూడా విప్పించుకుని పట్టుకెళ్లారు అన్నారు. చల్లపల్లిలో ఎక్కడో ఆయనకు తెలియదు. రాజ్యలక్ష్మి గారి భర్త ఎరువుల కొట్టు పెట్టారని మాత్రం చెప్పారు. ఉయ్యూరు మీదుగా బస్సులో వెళ్లి, ఎరువుల కొట్లన్నీ అడుగుతూ కాళ్లరిగేలా తిరిగాను. నాలుగో కొట్టులో దొరికారు. ఆయన చీటీ మీద ఇంటి దారి గీసిచ్చారు.

రాజ్యలక్ష్మి గారు నన్ను గుమ్మంలోనే గుర్తుపట్టారు. "రత్నం గారా, రండి రండి. మీరు బిగించాక ఒక్క చుక్క కారలేదండీ" అన్నారు. అలవాటు కొద్దీ, ఇక్కడి నీళ్లతో పప్పు ఉడుకుతుందా అమ్మా అని అడిగాను. ఎక్కడండీ, విజయవాడ నీళ్లే నయం, ఇక్కడివి నోట్లో పోసుకుంటే ఉప్పు అన్నారు.

ఇంట్లో పసిపిల్ల ఏడుపు వినిపించింది. వాళ్లమ్మాయి పురిటికి వచ్చి, ప్రసవమై పది రోజులైంది. పురిటింట వేన్నీళ్లతో ఎంత పనో మీకు తెలుసు. బాలింతకు చన్నీళ్లు తగలకూడదు. ముఖం కడుక్కున్నా, గుడ్డలు జాడించినా, బిడ్డకు పోసినా వేన్నీళ్లే. అందుకని గీజరు స్విచ్ తెల్లవారుజామున వేస్తే పడుకోబోయేదాకా కట్టడం లేదని ఆవిడే చెప్పారు. ఈ మధ్య దాని ఎర్ర దీపం అసలు ఆరడం లేదు, నీళ్లు సలసలా కాగి వస్తున్నాయి, బాగా పనిచేస్తోందండీ అన్నారు.

నీళ్లు కాగగానే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తే ఆ ఎర్ర దీపం దానంతటదే ఆరాలి, ఆరడం లేదంటే థర్మోస్టాట్ పని అయిపోయిందన్నమాట. నీళ్లు పోసే ముసలామె అప్పటికే బాత్రూమ్‌లో పీట వేసుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. బిడ్డను ఆమె కాళ్ల మీద పడుకోబెట్టడానికి అమ్మాయి తీసుకెళ్తోంది. నేను చెప్పులతోనే లోపలికి వెళ్లి ముందు మెయిన్ ఆపేశాను. తర్వాత అందర్నీ వరండాలోకి వెళ్లమన్నాను. ఎలా అన్నానో గుర్తులేదు, నా గొంతు విని ముసలామె కూడా ఒక్క ప్రశ్న వేయకుండా లేచి వచ్చింది.

గీజరు చల్లారడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ వరండాలో అందరం కూర్చున్నాం. పసిపిల్ల నా ఎదురుగా చాప మీద నిద్రపోయింది. చల్లారాక వెళ్లి విప్పితే, థర్మోస్టాట్ గొట్టం సున్నంలో పూర్తిగా పూడుకుపోయి ఉంది. డమ్మీ విప్పి అరచేతిలో పెట్టుకుని రాజ్యలక్ష్మి గారి దగ్గరికి వచ్చాను. ఇక్కడ కూడా కంపెనీ చెకింగ్ అని చెప్పొచ్చు. చాప మీద పిల్లను చూశాక ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు. ఇది ఏమిటో, ఎక్కడ ఉండాల్సింది కాదో, ఇది ఉండగా ఏం జరుగుతుందో, పటమటలో ఏం జరిగిందో చెప్పాను. "బిగించింది నేనేనమ్మా. తెలిసే బిగించాను" అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. చాలాసేపు పిల్ల వైపు చూసి అన్నారు: "పురిటికి కొత్త గీజరు కొందామన్నారండీ మావారు. నేనే వద్దన్నాను. రత్నం గారి చేతి పని, భయం లేదన్నాను."

నేను తల వంచుకున్నాను. కన్నీళ్లాగలేదు. కాసేపటికి ఆవిడ మంచినీళ్లు తెచ్చిచ్చి, పటమటలో వాళ్లకు ఈ సంగతి చెప్పారా అని అడిగారు. లేదన్నాను. "మరి అక్కడికి వెళ్లకుండా ఇక్కడిదాకా వచ్చారేంటండీ" అన్నారు. మెత్తగానే అన్నారు.

ఎర్ర దీపం

మర్నాడు పొద్దున్నే పటమట వెళ్లాను. ఏడాదిగా నా పనిముట్ల పెట్టెలో అడుగున పడి ఉన్న డమ్మీ జేబులో ఉంది. తలుపు తీసింది అనసూయమ్మ గారు. ఒక చేతిలో మసిగుడ్డ, వంటింట్లో పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు కాగుతున్నాయి. కొత్త గీజరు పెట్టించలేదా అమ్మా అని అడిగాను. పెట్టించారండీ, ఆయనే వేసుకుంటారు, ఆయనే కట్టేసుకుంటారు అన్నారు. తను ఆ స్విచ్ ముట్టుకోరట. ముట్టుకుంటే కట్టేశానో లేదోనని రోజంతా నడవాలోకి వచ్చి చూసుకోవాల్సి వస్తోందట. అందుకని తన నీళ్లు తను పొయ్యి మీదే కాచుకుంటున్నారు. "నాకు ధ్యాస తక్కువండీ" అన్నారు. ఇదేదో పుట్టుకతో వచ్చిన సంగతన్నట్టు మామూలుగా అన్నారు.

నాకు ఆ పేలుడు కంటే ఆ మాట భయంకరంగా వినిపించింది. నా చేతి పని వల్ల గోడలు కూలాయి, వాటిని మళ్లీ కట్టుకున్నారు. నేను మాట్లాడకపోవడం వల్ల ఈవిడ తన మీద తాను నమ్మకం పోగొట్టుకున్నారు. ఏడాదిగా ఊరంతా తిరిగి డమ్మీలు పీకాను కానీ, ఈ ఇంటికి మాత్రం రాలేదు. ఇక్కడ పీకడానికి ఏమీ లేదనుకున్నాను.

డమ్మీ తీసి ఆవిడ చేతిలో పెట్టి అంతా చెప్పాను. జేబులో దాచుకున్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చివరికి ఒక్కటే అడిగారు.

"అయితే ఆ రోజు నేను స్విచ్ కట్టేశానా?"

"అది నాకు తెలియదమ్మా. కట్టకపోయినా గీజరు పేలకూడదు. మర్చిపోవడం మనుషులకు మామూలే, అందుకే దానికి వాల్వు పెడతారు. ఆ వాల్వు నేను తీసేశాను."

ఆవిడ డమ్మీని గుప్పిట్లో పెట్టుకున్నారు. కోప్పడలేదు. తర్వాత, "ఈ మాట ఆయన ముందు చెప్పండి" అన్నారు. మాస్టారు ముందుగదిలో పేపరు చదువుకుంటున్నారు. వెళ్లి మొదటి నుంచి చెప్పాను. ఆయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని విన్నారు. నన్ను ఏమైనా అంటారని ఎదురు చూశాను. ఆయన నా వైపు చూడనే లేదు, గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూస్తున్నారు.

అనసూయమ్మ గారు మసిగుడ్డ భుజాన వేసుకుని, వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆపేశారు. అక్కణ్నుంచి నడవాలోకి వచ్చి గీజరు స్విచ్ వేశారు. ఎర్ర దీపం వెలిగింది. ఆవిడ చేతులు కట్టుకుని దాని ముందే నిలబడ్డారు. మాస్టారు లేచి వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డారు. వాళ్ల వెనక నేను. కాసేపటికి టిక్కుమని చిన్న చప్పుడైంది, దీపం దానంతటదే ఆరిపోయింది.